షాపులో దొంగతనం జరిగితే కేసూ, పేరూ రెండూ కాపాడుకోవడం ఎలా

కడప వైవీ స్ట్రీట్‌లోనో, అనంతపురం సుభాష్ రోడ్డులోనో షాపు నడిపేవాళ్ల కోసం, కాంప్లెక్సుల్లో ఒకటి రెండు అంతస్తులు అద్దెకు తీసుకుని బట్టలు, నగలు, సెల్‌ఫోన్లు అమ్మేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దొంగతనం జరిగిన రోజు చాలామంది షట్టర్ సగం దించేసి, లోపలున్న కస్టమర్లందరినీ అనుమానంగా చూసి, బయట ఎవరడిగినా "ఏం లేదన్నా, చిన్న గొడవ" అని పంపించేస్తారు. సాయంత్రానికి ఎవరో తీసిన వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, అందులో మీ బోర్డు స్పష్టంగా కనిపిస్తుంది. పోయిన సరుకు నాలుగు రోజుల అమ్మకంతో పూడుతుంది కానీ "ఆ షాపులో ఆడవాళ్ల సంచులు వెతికారంట" అన్న మాట ఊళ్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ముందు జాగ్రత్తల సంగతి చూద్దాం. పెళ్లిళ్ల సీజన్లో, రంజాన్ రాత్రుల్లో రద్దీగా ఉన్నప్పుడు చీరల షాపులో దొంగతనం ఎలా జరుగుతుందంటే, నలుగురైదుగురు కలిసి వచ్చి కూర్చుంటారు, ఒకరు పై అరలోని చీర చూపించమంటారు, కుర్రాడు స్టూలెక్కి అటు తిరుగుతాడు, ఇంకొకరు పరిచిన చీరను రంగు చూస్తున్నట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకుంటారు, దాని చాటున మడత చీర సంచిలోకి పోతుంది. గుట్టలో ఒకటి తగ్గిందని రాత్రి స్టాకు చూసేదాకా ఎవరికీ తెలియదు. అందుకే పరుపు మీద గుట్ట పడనివ్వకండి. తీసేవాళ్లు ఒకరు, మడతపెట్టేవాళ్లు ఒకరు ఉండాలి, మడతపెట్టేవాళ్లు ఏం జరిగినా కూర్చున్న చోటు నుంచి లేవకూడదు. నగల షాపుల్లో ఒక ట్రే లోపలికి వెళ్లాకే ఇంకో ట్రే బయటికి రావాలి. ఫోన్‌పే చేశానని ఎవరైనా స్క్రీన్ చూపిస్తే అది చూసి సరుకు ఇవ్వకండి, సౌండ్‌బాక్స్ పలకాలి, లేదా మీ యాప్‌లో డబ్బు పడినట్టు కనిపించాలి. పొద్దున షాపు తెరిచేటప్పుడు క్యూఆర్ స్టిక్కర్ మీద ఇంకోటి అంటించి ఉందేమో చూసుకోండి.

కెమెరాలు అందరూ పెట్టిస్తున్నారు, కానీ పెట్టిన చోటే తప్పు. తలుపు వైపు తిప్పిన కెమెరాలో మన సీమ ఎండకు లోపలికి వచ్చే మనిషి ముఖం నల్లటి నీడలా పడుతుంది, అది ఎవరికీ పనికిరాదు. బిల్లు కౌంటర్ దగ్గర మనిషి ముఖం ఎత్తులో ఒకటి పెట్టించండి, అక్కడికి ప్రతివాళ్లూ వచ్చి ఆగుతారు. డీవీఆర్‌లో, అంటే కెమెరా వీడియో రికార్డయ్యే పెట్టెలో, టైమ్ సరిగా ఉందో లేదో నెలకోసారి ఫోన్‌తో సరిచూడండి, బిల్లు మీద ఒక టైమ్, వీడియోలో ఇంకో టైమ్ ఉంటే రేపు కోర్టులో అదే ప్రశ్న అవుతుంది. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు ఉండాలని, ఆ వీడియో 30 రోజులు దాచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సేఫ్టీ చట్టం చెబుతోంది. హార్డ్ డిస్క్ చిన్నదైతే వారానికే పాతది చెరిగిపోతుంది, అందుకని సంఘటన జరిగిన రోజే కాపీ తీసి పెట్టుకోండి. ట్రయల్ రూమ్ లోపల కానీ, దాని లోపలి భాగం కనిపించేలా కానీ కెమెరా ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. అది మీ మీదే క్రిమినల్ కేసు అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం, అనుమానం వచ్చిన మనిషిని ఏం చేయాలి? కొట్టకూడదు, గోడౌన్‌లో కూర్చోబెట్టి తాళం వేయకూడదు, ఒంటి మీద చేయి వేసి వెతకకూడదు. మీకు గానీ మీ సెక్యూరిటీకి గానీ ఆ హక్కు లేదు, మనిషిని గదిలో నిర్బంధిస్తే దొంగ మీద కేసు కన్నా ముందు మీ మీద కేసు పడుతుంది. కళ్లముందు పెద్ద నేరం చేసినవాణ్ణి పట్టుకునే వీలు మామూలు మనిషికి కూడా చట్టంలో ఉంది కానీ, భారతీయ నాగరిక్ సురక్ష సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. ఆరు గంటలు ఉన్నాయి కదా అని కూర్చోకండి, వెంటనే 112కి ఫోన్ చేయండి. అనుమానం మాత్రమే ఉంటే మర్యాదగా "అక్కా, బిల్లులో ఒకటి మిస్సయినట్టుంది, ఒక్కసారి చూద్దామా" అని పక్కకి పిలిచి ఆడ స్టాఫ్‌తో అడిగించండి. వాళ్లు ఒప్పుకోకపోతే వదిలేయండి, వీడియో ఎటూ మీ దగ్గరే ఉంటుంది.

మనిషిని తప్పుగా అనుమానించడం ఎంత పెద్ద కంపెనీకైనా దెబ్బే. 2018 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక స్టార్‌బక్స్ కాఫీ షాపులో స్నేహితుడి కోసం ఎదురుచూస్తూ ఏమీ కొనకుండా కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకుల మీద మేనేజర్ పోలీసులకు ఫోన్ చేస్తే, వాళ్లను బేడీలు వేసి తీసుకెళ్లిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. సీఈవో స్వయంగా క్షమాపణ చెప్పి, మే 29న మధ్యాహ్నం ఎనిమిది వేలకు పైగా షాపులు మూసి సిబ్బందికి శిక్షణ ఇప్పించాల్సి వచ్చింది. మన షాపుల్లో మాసిన బట్టలతో పల్లె నుంచి వచ్చినవాళ్ల వెనకే సెక్యూరిటీ తిరగడం నేను చాలాసార్లు చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఆ అలవాటు ఇవాళే మాన్పించండి. ఖరీదైన చీర కట్టుకుని వచ్చి కాజేసేవాళ్లు ఆ లోపు దర్జాగా వెళ్లిపోతారు.

ఫిర్యాదు అదే రోజు ఇవ్వండి. ఇది మా స్టేషన్ పరిధి కాదని తిప్పి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసే ఎఫ్‌ఐఆర్. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. పోయిన వస్తువు విలువ పెంచకుండా, తగ్గించకుండా బిల్లు ప్రకారం రాయండి, ఎందుకంటే ఐదు వేల లోపు దొంగతనానికీ ఆపైదానికీ చట్టంలో తేడా ఉంది. వీడియో ఇచ్చేటప్పుడు దాంతో పాటు ఇవ్వాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ గురించి స్టేషన్లోనే అడిగి తెలుసుకోండి.

ఇక బయటికి ఏం చెప్పాలి? దొంగ ఫొటోను మీ అంతట మీరు గ్రూపుల్లో పెట్టకండి. మనిషి వేరేవాళ్లయితే పరువునష్టం కేసు మీకే, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే గుర్తింపు బయటపెట్టడమే జువెనైల్ జస్టిస్ చట్టం కింద నేరం. లోగో మైకులతో విలేకరులు వస్తే మాట్లాడేది ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ తెలిసినంతవరకే చెప్పాలి. పోయింది మీ సరుకు కాక ఒక కస్టమర్ బ్యాగు అనుకుందాం, అప్పుడు ఇలా: "నిన్న సాయంత్రం మా షాపులో ఒక కస్టమర్ బ్యాగు పోయింది. వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి, కెమెరా వీడియో ఇచ్చాం. ఆమెకు మేము తోడుగా ఉన్నాం." ఇంతే చాలు. "మా షాపులో అలాంటివి జరగవు" అనొద్దు, "ఆమె జాగ్రత్తగా ఉండాల్సింది" అని అసలు అనొద్దు. 2003లో మహారాష్ట్రలో క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు కనిపించినప్పుడు కంపెనీ మొదట తప్పు షాపుల్లో నిల్వ చేసే తీరుదని అంది, జనం వినలేదు. ప్యాకింగే మార్చి చూపించాకే నమ్మకం తిరిగి వచ్చింది.

మీరూ అలాగే కంటికి కనిపించే మార్పు ఒకటి చేయండి. బ్యాగులు పెట్టుకోవడానికి టోకెన్ కౌంటర్ కావచ్చు, సెల్లార్ పార్కింగ్‌లో లైట్లు కావచ్చు. బ్యాగు పోయినామెకు మూడో రోజు, వారం తర్వాత మీరే ఫోన్ చేసి కేసు ఎంతవరకు వచ్చిందో చెప్పండి, స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తే మీ మనిషిని తోడు పంపండి.