పాత బేస్‌బాల్ కార్డు ఏ కాలానిదో, ఇప్పుడు దానికి ఎవరి దగ్గర గిరాకీ ఉందో తెలుసుకోవడం ఎలా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్ల ఇళ్లలోకి బేస్‌బాల్ కార్డులు, అంటే ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని వివరాలు ఉండే చిన్న అట్టముక్కలు, రెండు దారుల్లో వస్తాయి. పిల్లలు లిటిల్ లీగ్‌లో (చిన్నపిల్లల బేస్‌బాల్ జట్లలో) చేరాక కొత్త ప్యాకెట్లు కొనిపెట్టమని వెంటపడతారు. లేదంటే వీధిలో ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన గరాజ్ సేల్‌లో ఒక షూ డబ్బా నిండా పాత కార్డులు కనిపిస్తాయి. ఈ వ్యాసం ఆ రెండో రకం కార్డుల గురించి.

"పాతవి కాబట్టి ఖరీదైనవే" అని కొనేసేవాళ్లూ నష్టపోతారు, "పాత అట్టముక్కలేగా" అని పడేసేవాళ్లూ నష్టపోతారు. 1910 నాటి కార్డుకి రానంత ధర 1952 కార్డుకి రావచ్చు. 1990 నాటి డబ్బా మొత్తం అమ్మినా, అప్పట్లో దానికి పెట్టిన డబ్బు తిరిగి రాకపోవచ్చు. కార్డు వయసు కంటే ముందు చూడాల్సింది ఒకటుంది: ఆ ఆటగాణ్ణి ఎవరు అభిమానించారు, వాళ్ల తర్వాత ఇంకెవరు అభిమానిస్తున్నారు?

1. ముందు ఏ సంవత్సరానిదో తేల్చండి

కార్డు ముందువైపు సంవత్సరం ఉంటుందనుకోకండి. చాలావాటి మీద ఉండదు. వెనక్కి తిప్పి గణాంకాల పట్టిక చూడండి. అందులో చివరి సీజన్ 1956 అని ఉంటే, ఆ కార్డు దాదాపుగా 1957లో వచ్చినదే. గడిచిన సీజన్ లెక్కలు వేసి తర్వాతి ఏడాది అమ్మడం ఆనవాయితీ.

ఆ తర్వాత స్కేలు తీయండి. టాప్స్ కంపెనీ 1952 నుంచి 1956 దాకా వేసిన కార్డులు 2⅝ అంగుళాల వెడల్పు, 3¾ అంగుళాల ఎత్తు ఉండేవి. 1957లో 2½, 3½ అంగుళాలకు తగ్గించారు. నేటికీ అదే కొలత. అంతకన్నా బాగా చిన్నగా, ఒకటిన్నర అంగుళాల లోపు వెడల్పుతో, వెనక స్వీట్ కాపరల్ లేదా పీడ్‌మాంట్ సిగరెట్ల ప్రకటన ఉంటే కాస్త ఆగండి. అది 1909-11 నాటి పొగాకు కార్డు కావచ్చు, నకలు కూడా కావచ్చు. ఆ తేడా ఎలా పట్టాలో మూడో మెట్టులో చెబుతాను.

2. ఆ కాలం కార్డులు ఎవరికి కావాలో తెలుసుకోండి

పొగాకు కార్డులతో మొదలుపెడదాం. అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టిన ఈ కార్డుల్ని ఇవాళ టీ206 అంటున్నాం. జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త రకరకాల కార్డులన్నిటికీ జాబితా కట్టినప్పుడు దీనికి ఇచ్చిన నంబరు అది. మూడు లక్షల పైచిలుకు ఉన్న తన సేకరణను ఆయన న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. టీ206లో హోనస్ వాగ్నర్ కార్డు అందరికన్నా పేరున్నది. పొగాకుతో పాటు తన బొమ్మ అమ్మడం ఇష్టంలేక ఆపించాడని కొందరు, డబ్బు కుదరలేదని కొందరు అంటారు. ఏదైతేనేం, అచ్చు త్వరగా ఆగిపోయింది. ఇప్పటికి తెలిసినవి కొన్ని పదులే. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది.

వాగ్నర్ ఆట చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అంటే ఈ కార్డుల గిరాకీ చిన్ననాటి జ్ఞాపకాల మీద నడవడం లేదు. చరిత్ర మీద, అచ్చు అందం మీద, అరుదైన రకాలు వెతకడంలో ఉన్న ఆనందం మీద నడుస్తోంది. ఒకే ఆటగాడి ఒకే బొమ్మ వెనక మామూలు బ్రాండ్ ఉంటే ఒక ధర, అరుదైన బ్రాండ్ ఉంటే దానికి ఎన్నో రెట్లు. అందుకే పొగాకు కార్డుకి వెనకవైపు కూడా ముఖమే. ఈ కార్డులు కొనేవాళ్లు తక్కువే గానీ గట్టివాళ్లు. తరం మారినంత మాత్రాన ఇక్కడ గిరాకీ ఒక్కసారిగా పడిపోదని నా నమ్మకం.

1930లలో సిగరెట్ పోయి బబుల్ గమ్ వచ్చింది. గౌడీ కంపెనీ 1933 సెట్‌లో బేబ్ రూత్‌కి ఏకంగా నాలుగు కార్డులున్నాయి. అదే సెట్‌లో 106వ నంబరు కార్డు ఆ ఏడాది ఏ ప్యాకెట్‌లోనూ లేదు. సెట్ పూర్తి చేయాలని పిల్లలు ప్యాకెట్ల మీద ప్యాకెట్లు కొన్నారు. ఫిర్యాదు చేస్తూ ఉత్తరాలు రాసినవాళ్లకు 1934లో నాప్ లాజోయ్ బొమ్మతో ఆ కార్డు పంపారు. ఇవాళ ఆ లాజోయ్ కార్డు దొరకడం మహా కష్టం.

రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత వల్ల కార్డులు దాదాపు ఆగిపోయాయి. యుద్ధం ముగిశాక బోమన్, దాని వెనకే టాప్స్ కంపెనీలు కార్డులు వేశాయి. గిరాకీ అనేది ఎలా పుడుతుందో అర్థం చేసుకోవాలంటే 1952 టాప్స్ సెట్‌ను మించిన పాఠం లేదు.

ఆ సెట్‌లో 407 కార్డులు. 311 నుంచి చివరి దాకా ఉన్నవి సీజన్ చివర్లో వచ్చాయి. అప్పటికి పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదకు మళ్లింది, దుకాణాలు సరుకు తీసుకోలేదు. మిగిలిపోయినవాటిని 1960లో పడవలో తీసుకెళ్లి న్యూజెర్సీ దగ్గర సముద్రంలో పారబోశామని ఆ కార్డుల రూపకర్త సై బెర్గర్ చెప్పేవాడు. 311వ నంబరు మిక్కీ మాంటిల్. 2022 ఆగస్టులో ఈ రకం కార్డు ఒకటి కోటీ 26 లక్షల డాలర్లు పలికింది.

అరుదు కాబట్టి అంత ధర అనుకుంటే పొరపాటు. ఆ చివరి వరసలో మాంటిల్ కార్డును మిగతా చాలావాటికన్నా రెట్టింపు అచ్చేశారు. పోనీ అతని మొదటి కార్డా అంటే అదీ కాదు. మొదటిది 1951 బోమన్. అయినా 1952దే ఎక్కువ పలుకుతుంది. ఎందుకంటే ఆ బొమ్మను చూస్తూ పెరిగిన పిల్లలు 1980లకల్లా ఉద్యోగాల్లో కుదురుకుని, చేతిలో డబ్బు ఆడి, చిన్నప్పుడు అమ్మ పారేసిన కార్డులు మళ్లీ కొనుక్కోవడం మొదలుపెట్టారు. వాళ్లందరి మనసులో ఉన్న ఒక్క పేరు మాంటిల్.

ఆ పిల్లలకు ఇప్పుడు దాదాపు 80 ఏళ్లు, ఆ పైన. వాళ్ల సేకరణలు వారసుల చేతికి, అక్కణ్ణుంచి వేలానికి వస్తున్నాయి. మీకు గరాజ్ సేల్‌లో దొరికేదీ ఇవే. ఇక్కడే జాగ్రత్తగా వేరుచేసుకోవాలి. ఆ తరం మాత్రమే గుర్తుపెట్టుకున్న మామూలు ఆటగాళ్ల కార్డులకు, సెట్ మొత్తం నంబరు వరసలో పేర్చాలనుకునేవాళ్లు ఉంటేనే గిరాకీ. అలాంటివాళ్లు తగ్గుతున్నారు. తరం దాటి కథగా నిలిచినవాళ్ల సంగతి వేరు. 1947లో మేజర్ లీగ్‌లో వర్ణవివక్ష గోడ బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్ కార్డును, ఆయన ఆట ఒక్కటీ చూడని ముప్పై ఏళ్ల కుర్రాడు కూడా అపురూపంగా కొంటాడు. ప్యూర్టో రికోలో పుట్టిన రొబెర్టో క్లెమెంటే 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. లాటిన్ అమెరికా కుటుంబాల్లో ఆయన పేరు తాతల నుంచి మనవలకు అందుతోంది. ఆయన 1955 టాప్స్ కార్డు, హాంక్ ఆరన్ 1954 కార్డు ఆ డబ్బాలో కనబడితే నలిగిపోయి ఉన్నా పక్కన పెట్టండి.

1960, 70ల కార్డుల్లో ధర ప్రధానంగా కార్డు స్థితిని బట్టి ఉంటుంది. ఆటగాడు పెద్ద పేరున్నవాడై ఉండాలి, మూలలు పదునుగా ఉండాలి. నోలన్ రయన్ 1968 కార్డు అలాంటిది. 1971 టాప్స్ కార్డులకు నల్లటి అంచు పెట్టారు. వేలు తగిలినా తెల్లగా పెచ్చు లేస్తుంది. అందుకే చెక్కుచెదరనిది దొరికితే మంచి ధర.

ఇక 1980ల చివరి నుంచి 1990ల మొదటి దాకా వచ్చినవాటిని సేకర్తలు "జంక్ వ్యాక్స్" (విలువలేని ప్యాకెట్లు) అంటారు. 1981లో ఫ్లీర్, డోన్‌రస్ కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి, 1989లో అప్పర్ డెక్ వచ్చింది. పాత కార్డులు వేల డాలర్లు పలుకుతున్నాయని విన్న జనం కొత్తవి పెట్టెలకు పెట్టెలు కొని దాచారు. కంపెనీలు కూడా లెక్కాపత్రం లేకుండా అచ్చేశాయి. అందరూ దాచినది ఎప్పటికీ అరుదు కాదు. 1989 అప్పర్ డెక్‌లో ఒకటో నంబరు కెన్ గ్రిఫీ జూనియర్ కార్డును నలభై, యాభై ఏళ్లవాళ్లు ఎంతో ఇష్టపడతారు. కానీ అత్యుత్తమ గ్రేడులో (స్థితిని బట్టి ఇచ్చే మార్కు, నాలుగో మెట్టులో చెబుతాను) ఉన్నవే వేలల్లో ఉన్నాయి. ఆ దశాబ్దంలో నిజంగా తక్కువగా వచ్చినవి 1993 టాప్స్ ఫైనెస్ట్ రిఫ్రాక్టర్ల లాంటి మెరిసే ప్రత్యేక కార్డులు. డబ్బా తిరగేసేటప్పుడు వాటి మీద కన్నేసి ఉంచండి.

3. అసలుదా, నకలా?

నగల షాపుల్లో వాడే పది రెట్ల భూతద్దం ఒకటి కొనండి. పేరు రాసిన నల్లటి అక్షరాలను, బొమ్మ చుట్టూ ఉన్న గీతను దాంతో చూడండి. పాత అసలు కార్డుల్లో నలుపు మామూలుగా చిక్కగా, ఒకే ముద్దగా ఉంటుంది. కార్డును ఫొటో తీసి మళ్లీ అచ్చేసిన నకలులో ఆ అక్షరాలు కూడా రంగురంగుల చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి.

తర్వాత గదిలో లైటు తీసేసి అతినీలలోహిత టార్చ్ వేయండి. యుద్ధానికి ముందు కాగితంలో ఇప్పటిలా తెలుపు పెంచే రసాయనాలు కలిపేవారు కాదు. 1910 నాటిదని చెప్పిన కార్డు నీలంగా వెలిగిపోతే అది నకలే. కొలత కూడా మోసాన్ని పట్టిస్తుంది. 1952 సెట్‌ను టాప్స్ కంపెనీయే 1983లో మళ్లీ అచ్చేసింది, కానీ నేటి చిన్న కొలతలో.

ఇంకో మోసం అంచులు కత్తిరించడం. అరిగిన మూలను కోసేస్తే కొత్తదానిలా కనిపిస్తుంది. ఎంతో పేరుమోసిన వాగ్నర్ కార్డు ఒకటి 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాని అంచులు తానే కత్తిరించానని ఒకప్పుడు దాన్ని అమ్మిన వేలందారు 2013లో ఒప్పుకున్నాడు. కాబట్టి అదే సెట్‌లోని మామూలు కార్డు పక్కన పెట్టి నాలుగు వైపులా పోల్చండి.

4. స్థితి చూసి, గ్రేడింగ్ అవసరమో కాదో తేల్చుకోండి

కార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పితే నేరుగా చూసినప్పుడు కనబడని మడత గీత బయటపడుతుంది. నాలుగు మూలలు, బొమ్మ మధ్యలో ఉందా ఒక పక్కకు జరిగిందా, వెనక గమ్ మరక ఉందా చూడండి. తుడవకండి, రబ్బరు పెట్టి రుద్దకండి.

పీఎస్‌ఏ, ఎస్‌జీసీ, బెకెట్ లాంటి సంస్థలు డబ్బు తీసుకుని కార్డు అసలుదో కాదో చూసి, 1 నుంచి 10 దాకా గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ పలకలో సీలు చేసి పంపుతాయి. ప్రతి కార్డూ పంపాలనే తొందర వద్దు. గ్రేడింగ్ ఫీజు, పోస్టు ఖర్చు, ఇన్సూరెన్సు కలిపితే అయ్యేదానికన్నా, గ్రేడు వచ్చాక పెరిగే ధర స్పష్టంగా ఎక్కువ ఉండాలి. 1955 క్లెమెంటే మూలలు గుండ్రంగా అరిగి ఉన్నా పంపొచ్చు, ఎందుకంటే అసలుదని రుజువు కావడమే పెద్ద విలువ. 1988 నాటి మామూలు కార్డుకి ఆ ఖర్చు దండగ.

5. అడిగే ధర కాదు, అమ్ముడైన ధర చూడండి

ఈబేలో ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. "సోల్డ్ ఐటమ్స్" అనే ఫిల్టర్ పెట్టి, అదే కార్డు, అదే గ్రేడు గత కొన్ని నెలల్లో ఎంతకు పోయిందో చూడండి. ఖరీదైనవాటికి హెరిటేజ్, గోల్డిన్, ఆర్‌ఈఏ వేలం సంస్థల పాత ఫలితాలు వెతకండి. పీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఏ కార్డుకి ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో ఉచితంగా చూడొచ్చు.

తేదీ కూడా ముఖ్యం. కోవిడ్ రోజుల్లో ఇళ్లలో కూర్చున్న జనం కార్డుల మీద పడ్డారు. గ్రేడింగ్‌కి వచ్చిన కార్డుల వరద తట్టుకోలేక 2021 మార్చిలో పీఎస్‌ఏ చాలా సేవల్ని కొంతకాలం ఆపేసింది. ఆ సమయపు ధరలు చూసి ఇవాళ బేరమాడితే దెబ్బతింటారు.

6. అమ్మినా, దాచుకున్నా

అమ్మేముందు కనీసం ఇద్దరు డీలర్లకు చూపించండి. డీలర్ తన లాభం చూసుకునే కొంటాడు కాబట్టి ఈబే ధర మొత్తం ఇవ్వడు, అది మోసం కాదు. పెద్దాయన కుటుంబం నుంచి కొంటుంటే, డబ్బాలో మంచి కార్డు కనిపించిందని వాళ్లకు చెప్పి కొనండి. వాళ్ల నాన్న చిన్నతనం అది.

అమెరికాలో పన్ను కట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏడాదికి పైగా దాచి లాభానికి అమ్మితే, కార్డుల్ని షేర్లలా కాకుండా కలెక్టిబుల్స్‌గా లెక్కగట్టి 28 శాతం దాకా ఫెడరల్ పన్ను వేస్తారు. ఎంతకు కొన్నారో రసీదు దాచుకోండి.

దాచుకునేట్టయితే మెత్తటి ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి, ఆపైన టాప్ లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టండి. రబ్బరు బ్యాండు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. పాత పీవీసీ ఆల్బమ్ షీట్లు కార్డుకి అంటుకుపోతాయి, వాటిల్లోంచి వెంటనే తీసేయండి. ఇండియాకి తెచ్చుకుంటే విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల తేమకి అట్ట వంకర తిరుగుతుంది, బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, బయటి గోడకు ఆనని అలమరలో పెట్టండి. వానాకాలం మొదలవగానే ఆ సంచులు మార్చండి.