ముద్దొద్దు చిన్నాయనా, చెయ్యి కలుపుతా

రథసప్తమికి దేవుని కడప తేరు చూడ్డానికి చుట్టాలు దిగారంటే ఇంట్లో చిన్నపిల్లల బుగ్గలకు తెరిపి ఉండదు. పిల్ల మొహం తిప్పుకుంటే "అబ్బో, ఎంత పొగరో" అంటారు. పొగరేం కాదు. ఎలా చెప్పాలో తెలీక ఏడుస్తుంది, లేదంటే కొడుతుంది.

వద్దు అన్న వెంటనే ఏం చేస్తుందో కూడా చెప్పే చిన్న మాట ఒకటి ముందే నోటికి అలవాటు చేయండి. "ముద్దొద్దు చిన్నాయనా, చెయ్యి కలుపుతా." "జేజీ, ఒళ్లోకి రాను, పక్కన కూచుంటా." పెద్దవాళ్లకూ చిన్నబుచ్చినట్టుండదు. బొమ్మ లాక్కునే పిల్లలతోనూ ఇంతే: "నేను ఆడుకున్నాక ఇస్తా."

అలవాటు చేయడానికి చక్కిలిగింతల ఆట చాలు. పిల్ల "చాలు" అనగానే చేతులు తీసేయండి, నవ్వుతూ అన్నా సరే. తర్వాత మీరు "చాలు" అనండి, తను ఆపాలి. ఇంకోరి "వద్దు" వినడం కూడా ఇక్కడే వస్తుంది.

అసలు పరీక్ష మనకే. పిల్ల చెప్పినా మామ వినకపోతే, "పాప వద్దంటోంది కదన్నా, వదిలెయ్" అని మనం అనాలి. "పోనీలేమ్మా, మామే కదా" అంటే నేర్పినదంతా గంగపాలు.

మందు వేయడం, పళ్లు తోమడం లాంటివాటికి ఈ "వద్దు" చెల్లదు. కానీ ఏం చేయబోతున్నామో ముందే చెప్పి చేయండి. ఎవరైనా తాకి "అమ్మకు చెప్పొద్దు" అంటే మాత్రం మర్యాద అక్కర్లేదని, అరిచి పరిగెత్తుకు రమ్మని చెప్పండి. పిల్లల సాయానికి 1098 నంబరుంది, ఫోన్లో వేసి పెట్టుకోండి.