కంటి కదలికల చికిత్స చేయించుకోవడం ఎలా

రోడ్డు ప్రమాదంలో విరిగిన ఎముక అతికి ఏడాది గడిచినా, వెనుక నుంచి లారీ హారన్ వినబడగానే గుండె దడదడలాడటం, చెమటలు పట్టడం, ఆ క్షణం మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టే అనిపించడం కొందరిని వదలదు. ఇటువంటి స్థితికి ఇచ్చే మానసిక చికిత్సల్లో ఇఎండిఆర్ (ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్), అంటే కంటి కదలికల సాయంతో బాధ పెట్టే జ్ఞాపకం తీవ్రతను తగ్గించే పద్ధతి, ఒకటి. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సీన్ షాపిరో 1987లో దీనికి బీజం వేసి, 1989లో తొలి అధ్యయనాన్ని ప్రచురించారు. ఆఘాతానంతర మానసిక రుగ్మతకు (పిటిఎస్‌డి, అంటే భయంకర సంఘటన తరువాత వదలకుండా వేధించే ఇలాంటి బాధకు) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన చికిత్సల్లో ఇదీ ఉంది.

ఇది హిప్నాటిజం కాదు, జ్ఞాపకాన్ని చెరిపివేయడమూ కాదు. మనసు ఒకేసారి పట్టి ఉంచగల విషయాలకు పరిమితి ఉంటుంది కనుక, బాధ పెట్టే దృశ్యాన్ని తలచుకుంటూనే చికిత్సకులు కదిపే వేలిని కళ్లతో వెంబడించవలసి వచ్చినప్పుడు ఆ దృశ్యం స్పష్టతా తీవ్రతా సడలుతాయని, సడలిన రూపంలోనే అది తిరిగి జ్ఞాపకంలో నిలుస్తుందని ఒక వివరణ. మేలు చేసేది కంటి కదలికలేనా, లేక భద్రమైన చోట ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమా అన్న వాదం ఇంకా తెగలేదు. చికిత్సకు వెళ్లే మనిషికి మాత్రం ఆ వాదం కన్నా, ఎదుట కూర్చునే వారి శిక్షణ ముఖ్యమని నా అభిప్రాయం.

అందుచేత మొదట మనోవైద్యుణ్ని గానీ, ఇటువంటి నిపుణులను నమోదు చేసే చట్టబద్ధ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టును గానీ ఎంచుకుని, ఇఎండిఆర్‌లో విడిగా శిక్షణ పొందారా అని అడగండి. అలా అడగడం అమర్యాద కాదు. మూర్ఛ వ్యాధి, కంటి జబ్బు, గర్భం, మద్యం అలవాటు, ఉన్నట్టుండి పరిసరాల స్పృహ తప్పిపోయే లక్షణం, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే దాచకుండా చెప్పండి. వాడుతున్న మందులను సొంతంగా ఆపకండి.

తొలి సెషన్లలో కంటి కదలికలు ఉండకపోవచ్చు. దానికి విసుగు చెందవద్దు, ఎందుకంటే చికిత్స నిలబడేది ఈ సన్నాహం మీదే. చికిత్సకులు మీ గతాన్ని తెలుసుకుంటారు, ఏ జ్ఞాపకంతో మొదలుపెట్టాలో మీతో కలిసి నిర్ణయిస్తారు, మనసును నెమ్మదింపజేసుకునే పద్ధతులు నేర్పుతారు. తట్టుకోలేనప్పుడు ఆపమనడానికి చేతితో చూపే ఒక సైగను కూడా ముందే అనుకుంటారు. ఇవేవీ లేకుండా పరిచయమైన రోజే వేళ్లు ఆడించడం మొదలుపెడితే, మరొకరిని వెతుక్కోవడం మేలు.

అసలు పని మొదలయ్యే రోజున ఆ సంఘటనలో అన్నిటికన్నా బాధించే దృశ్యాన్ని, దానితో పాటు మీ గురించి మీకు కలిగే మాటను చెప్పమంటారు: ‘తప్పంతా నాదే’ లేదా ‘నేనేమీ చేయలేను’ వంటిది. దాని స్థానంలో ఏ మాట నమ్మగలిగితే బాగుండుననుకుంటున్నారో కూడా అడిగి, ఆ నమ్మకాన్ని 1 నుంచి 7 వరకు, ప్రస్తుత బాధను 0 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పమంటారు. బాధ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించమంటారు. తరువాత ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకుని, అటూ ఇటూ కదిలే వేళ్లను తల కదపకుండా కళ్లతోనే అనుసరించాలి. సుమారు అర నిమిషం తరువాత ఆపి, ఊపిరి పీల్చుకుని, ఏమి తోచిందో ఒకటి రెండు మాటల్లో చెబితే చాలు. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనవసరం లేదు. మధ్యలో సంబంధం లేని చిన్ననాటి సంగతి గుర్తుకు వచ్చినా, ఏడుపు వచ్చినా, ఏమీ తోచకపోయినా అలాగే చెప్పండి, సరైన జవాబు కోసం వెతకకండి. కళ్లు అలసిపోయేవారికి రెండు అరచేతులపై మార్చి మార్చి తట్టడం ద్వారా కూడా ఇదే పని చేస్తారు.

బాధ అంకె సున్నాకు గానీ దాని దరిదాపులకు గానీ చేరాక, కోరుకున్న మాటను అదే పద్ధతిలో బలపరచి, తల నుంచి పాదాల వరకు ఎక్కడైనా బిగువు మిగిలిందేమో చూసుకోమంటారు. ఒక్క సెషన్‌లో అంత దూరం రాకపోవడం మామూలే. అప్పుడు నేర్పిన పద్ధతులతో స్థిమితపడిన తరువాతే లేచి వెళ్లాలి. సెషన్ సాధారణంగా 60 నుంచి 90 నిమిషాలు సాగుతుంది. ఒకే సంఘటన అయితే కొద్ది సెషన్లలో ఉపశమనం రావచ్చు గానీ, బాల్యంలో ఏళ్ల తరబడి హింస అనుభవించిన వారికి సన్నాహానికే ఎక్కువ కాలం పడుతుంది.

ఆ రోజు ముఖ్యమైన పనులు పెట్టుకోకండి, వీలైతే బండి నడపకండి. కలలు, చిరాకు, కొత్త జ్ఞాపకాలు రావచ్చు. వాటిని క్లుప్తంగా రాసుకుని తరువాతి సెషన్‌లో చూపండి. ఇంట్లోవారు ‘ఇవాళ ఏం చెప్పావు?’ అని గుచ్చి గుచ్చి అడగకపోవడమే పెద్ద సాయం. ఆన్‌లైన్ వీడియోల్లో కదిలే చుక్కను చూస్తూ ఈ చికిత్సను ఒంటరిగా ప్రయత్నించకండి: జ్ఞాపకం ముంచెత్తినప్పుడు ఆపేవారు ఎవరూ ఉండరు. సెషన్ల మధ్య తట్టుకోలేని స్థితి వస్తే చికిత్సకులకు ఫోన్ చేయండి. వారు అందుబాటులో లేకపోతే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచిత నంబరు 14416లో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.