చిన్న పొట్ట, పాత చెయ్యి – 5వ పాఠం: మొదటి గట్టి ముద్ద

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? రోజంతా తాగిన నీళ్ళు సీసాతో కొలిచి రాసుకోమన్నాను. లీటరున్నరకి అటూ ఇటూగా వచ్చినవాళ్ళు ఈ పాఠానికి సిద్ధం. ముప్పాతిక లీటరు దగ్గరే ఆగినవాళ్ళు ముందు ఆ లోటు పూడ్చుకోండి. ఒంట్లో నీళ్ళు చాలక వచ్చే నీరసాన్ని ఆకలి అనుకుని గట్టి తిండి మీదికి వెళ్తే రెండు విధాలా దెబ్బ.

మీకు బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అయి ఆరేడు వారాలు అయిందనుకుని రాస్తున్నాను. మొదట పప్పుకట్టు, కొబ్బరినీళ్ళు, పల్చటి మజ్జిగ. తర్వాత మిక్సీలో తిప్పినవి. ఆపైన వేళ్ళతో చిదిమితే చితికేవి. ఇవన్నీ దాటారు. మీ డైటీషియన్ ఇచ్చిన చార్టులో ఒక వారం వెనకాముందు ఉంటే అదే పాటించండి. మీ పొట్టని చూసింది వాళ్ళు, నేను కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. పొట్టని గంటన్నరలో చిన్నది చేసేశారు. చెయ్యి మాత్రం పాతదే. అన్నం కలిపే తీరు, ముద్ద సైజు, ఎంత వేగంగా నోటికి వెళ్ళాలి, ఇవన్నీ నలభై ఏళ్ళుగా దానికి అలవాటు. ఏ సర్జనూ దాని జోలికి పోలేదు. ఈ పాఠం మొత్తం ఆ చెయ్యి కోసమే.

లోపల ఇప్పుడు ఎంత చోటుంది

స్లీవ్ అనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఒక గొట్టం. మొదటి నెలల్లో దాంట్లో 100 నుంచి 150 మి.లీ. పడుతుంది. టీకొట్టు గ్లాసు కంటే కాస్త ఎక్కువ, అంతే. గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్) వాళ్ళకి ఆ సంచి ఇంకా చిన్నది, 30 మి.లీ. పాటి. అంటే రెండు టేబుల్ స్పూన్లు.

స్లీవ్ వాళ్ళకి ఇంకో మార్పు కూడా ఉంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా పొట్ట పైభాగంలోనే తయారవుతుంది. తీసేసిన ముక్కతో పాటు ఆ భాగమూ పోయింది. అందుకే చాలామందికి కొన్ని నెలలపాటు ఆకలే వేయదు. "ఆకలైతే తింటాలే" అని కూర్చుంటే సాయంత్రానికి కళ్ళు తిరుగుతాయి. ఈ కొన్నాళ్ళు భోజనానికి గడియారమే పిలవాలి.

నాటుకోడి ముక్క కథ

నాది స్లీవ్. ఏడో వారం, ఆదివారం. అమ్మ ఊరినుంచి వచ్చి నాటుకోడి వండింది. రెండు గంటలు ఉడికించాను, వెన్నలా ఉంది, ఒక్క ముక్క తినవే అంది. ఒక్క ముక్కేగా అని నేనూ అనుకున్నాను. నాలుగుసార్లు నమిలి మింగాను. అది ఇంకా లోపల సర్దుకోకముందే రెండోది తీసుకున్నాను.

నిమిషంలో ఎదురురొమ్ము దగ్గర పిడికిలి పెట్టి నొక్కినట్టయింది. నోరంతా నీళ్ళు ఊరుతున్నాయి, మింగుదామంటే దిగడం లేదు. పెరటి కుళాయి దగ్గరికి పరుగెత్తాను. వచ్చింది తిండి కాదు, తెల్లటి నురగ. అలా నలభై నిమిషాలు. అమ్మ వెనకాల నిలబడి వీపు రాసింది, ఆపైన గుప్పెడు ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. "నీ మీద ఎవరి కళ్ళు పడ్డాయో" అంటోంది. ఎవరి కళ్ళూ కాదమ్మా, నా చెయ్యే అని చెప్పే ఓపిక కూడా లేదు నాకు.

ముక్క మెత్తగా ఉండటం, నలగడం ఒకటే అనుకున్నాను. కోడిమాంసం ఎంత ఉడికినా పీచు పీచుగానే ఉంటుంది. సరిగ్గా నమలకపోతే ఆ పీచంతా ఉండలా చుట్టుకుని, ఇరుకు గొట్టం మొదట్లోనే కూర్చుంటుంది. మొదటి గట్టి తిండికి కోడి పనికిరాదు. కోడిగుడ్డు పొరటు, ముళ్ళు తీసిన చేప, మెత్తటి పనీరు, ఇవి నయం. చేపని పులుసులోంచి తీసి ఆరనివ్వకుండా, కాస్త పులుసు తడితోనే తినండి. పొడిగా ఉన్నది ఏదైనా అడ్డం పడుతుంది.

అన్నాన్ని కూడా నమ్మొద్దు. అన్నమంటే మెత్తనే కదా అనుకుంటాం. కొత్తబియ్యం అన్నం ఒక ముద్ద తీసి అరచేతిలో గట్టిగా నొక్కి చూడండి. బంక ఉండలా అవుతుంది. సరిగ్గా నమలకుండా మింగితే లోపలా అంతే.

చేతికి శిక్షణ

ఒక చిన్న గిన్నె ఎంచుకోండి. నేను మా అమ్మాయి అన్నప్రాశనకి వచ్చిన వెండి గిన్నె బీరువాలోంచి తీశాను. నింపి కొలిస్తే 120 మి.లీ. నీళ్ళు పట్టింది. పెద్ద కంచంలో రెండు చెంచాల కూర చూస్తే ఏడుపొస్తుంది, అదే గిన్నెలో నిండుగా కనిపిస్తుంది. కళ్ళకి కూడా కడుపు నిండాలి కదా.

ముద్ద కుంకుడు గింజంత ఉండాలి. కుంకుడుకాయంత కాదు, లోపలి నల్ల గింజంత. మొదటిరోజు నవ్వొస్తుంది, వేళ్ళ మధ్య నిలవదు కూడా. అందుకే మొదటి మూడు నెలలు చంటిపిల్లల చెంచా వాడమంటాను. ఇంకో కారణం కూడా ఉంది. మనం చేత్తో తినేటప్పుడు గమనించారా? నోట్లో ముద్ద నలుగుతుండగానే వేళ్ళు కంచంలో రెండో ముద్ద కలిపేస్తుంటాయి. సిద్ధంగా ఉన్న ముద్ద ఊరుకోదు, నోట్లో ఉన్నదాన్ని తోసేస్తుంది. చెంచానైతే కింద పెట్టొచ్చు. పెట్టి, చెయ్యి మోకాలి మీద ఉంచండి. నోరు పూర్తిగా ఖాళీ అయ్యాకే చెయ్యి మళ్ళీ లేవాలి. ఈ పాఠంలో ఒక్కటే నేర్చుకుంటానంటే ఇది నేర్చుకోండి.

నమలడం ఇరవై, ఇరవై అయిదు సార్లు. లెక్కపెట్టడం విసుగనిపిస్తే నోట్లోది గంధంలా అయ్యేదాకా అనుకోండి. ఒక్క పలుకు నాలుకకి తగిలినా ఇంకా కాలేదన్నట్టే. ముద్దకీ ముద్దకీ మధ్య ఒక నిమిషం. ఇలా ఒక్కో భోజనానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పెట్టుకోండి. ముప్ఫై దాటితే మిగిలింది మూతపెట్టి లేచిపోండి. గంటసేపు కొంచెం కొంచెం కొరుకుతూ కూర్చోవడం వేరే జబ్బు, దానికి విడిగా పాఠం ఉంది.

ఎప్పుడు ఆపాలి? కడుపు నిండిందని తెలిసేసరికి ఆలస్యమైపోయినట్టే. ఒళ్ళు అంతకుముందే ఒక సైగ చేస్తుంది. కొందరికి ఒక ఎక్కిలి, కొందరికి తుమ్ము, కొందరికి పెద్ద నిట్టూర్పు. నాకు ముక్కు కారుతుంది. పులుసులో కారం ఎక్కువైందేమో అని రెండు వారాలు అమ్మతో గొడవపడ్డాను, తర్వాత పెరుగన్నం తిన్నప్పుడు కూడా కారితే అర్థమైంది. మీ సైగ ఏదో మీరే కనిపెట్టాలి. అది వచ్చాక ఇంకొక్క ముద్ద కూడా వద్దు. గిన్నెలో ఎంత మిగిలినా సరే.

వరస తిరగెయ్యండి

మన భోజనంలో పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు, ప్రతి దాంతోనూ అన్నమే. నిజానికి మనం తినేది అన్నం, మిగతావి దాన్ని లోపలికి పంపే సాయాలు. ఇప్పుడు అన్నానికి చివరి చోటు. ముందు ప్రొటీన్ ఉన్నది: గుడ్డు, చేప, పనీరు, గట్టి పప్పు. తర్వాత మెత్తగా ఉడికిన కూరగాయ: బీరకాయ, సొరకాయ, క్యారెట్. ఇంకా చోటుంటే రెండు చెంచాల అన్నం. లేకపోతే లేదు.

నాకు అన్నిటికన్నా కష్టమైంది చారన్నం మానడం. చారుతో అన్నం మహా సుఖంగా దిగుతుంది, ఆ సుఖమే చిక్కు. పల్చగా ఉన్నది పొట్టలో నిలవదు, గంటలో జారిపోతుంది. తిన్నట్టూ ఉండదు, ప్రొటీనూ అందదు. భోజనం మధ్యలో నీళ్ళు తాగొద్దని, తిన్నాక అరగంట ఆగమని చెప్పేది కూడా ఇందుకే. చారు తాగాలనిపిస్తే సాయంత్రం నాలుగింటికి గ్లాసులో పోసుకుని టీలా తాగండి. మిరియాల చారైతే మరీ మంచిది.

ఇప్పుడు కొంచెం లెక్క. రోజుకి కనీసం 60 గ్రా. ప్రొటీన్ కావాలి. "పప్పు తింటున్నాగా" అని మనందరి ధీమా. చిన్న కప్పు ముద్దపప్పులో ఉండేది ఆరేడు గ్రాములు. ఇడ్లీలో రెండు. కోడిగుడ్డులో ఆరు. నేను ఎనిమిదో వారంలో ఒక రోజు రాసుకున్నది చూడండి: ఉదయం 150 మి.లీ. పాలు, 5 గ్రా. ఒక గుడ్డు పొరటు, 6. మధ్యాహ్నం 60 గ్రా. చేప, 12. సాయంత్రం 50 గ్రా. పనీరు, 9. రాత్రి చిన్న కప్పు పప్పు 6, నాలుగు చెంచాల పెరుగు 3. అంతా కలిపితే 41. ఆ రోజు నేను బాగా తిన్నాననే అనుకున్నాను! మిగతా దాదాపు 20 గ్రా. ప్రొటీన్ పొడి నుంచి రావాల్సిందే. పొడి అంటే జిమ్ము కుర్రాళ్ళు తాగేది అని ముఖం చిట్లించకండి, ఈ నెలల్లో అది మీకు మందు లాంటిది. శాకాహారులకి లెక్క ఇంకా బిగుతు. వాళ్ళకి నా సలహా మీల్ మేకర్. ఎండుది 20 గ్రా. తూచి, నానబెట్టి, పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి కూర చేస్తే దాదాపు 10 గ్రా. వస్తుంది. గుడ్డలో వడగట్టిన పెరుగు ఇంకో దారి.

జంతికలు, మిక్స్చర్, బిస్కెట్లు మాత్రం ఇంట్లో మీకు అందే చోట ఉంచకండి. ఇవి నోట్లోనే పిండైపోయి, ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి. ఒక్క కోడిముక్క దిగని పొట్టలోకి పావుకిలో మిక్స్చర్ కొంచెం కొంచెంగా హాయిగా దిగుతుంది. తగ్గిన బరువు తిరిగి వచ్చేది చాలావరకు ఈ దారినే.

వడ్డించేవాళ్ళతో ఎలా

మన దగ్గర ప్రేమంతా గరిటెలో ఉంటుంది. "ఇంతేనా? పిచ్చుక తిన్నట్టు తింటున్నావ్" అనే పిన్నిగారికి స్లీవ్ గురించి వివరించబోతే విందంతా మీ పొట్ట గురించే నడుస్తుంది. నేనొక మాట కనిపెట్టాను: "గ్యాస్ పిన్నీ." అంతే. షుగర్ అంటే బెల్లంతో చేశాం అంటారు, డైటింగ్ అంటే ఒక్కరోజుకేం కాదంటారు. గ్యాస్‌ని మాత్రం మన ఊళ్ళో అందరూ గౌరవిస్తారు. ఇది అబద్ధమేనా అంటే కొంత అబద్ధమే. ఎవరికి చెప్పాలో, ఎవరికి వద్దో మీ ఇష్టం.

బంతి భోజనమైతే ఆకులో పడినవన్నీ తినాలని లేదు. అన్నం రాకముందే కూర, పప్పు వేయించుకుని వాటితో మొదలుపెట్టండి. పాయసం దగ్గర జాగ్రత్త. బైపాస్ వాళ్ళకి ముఖ్యంగా, కొందరు స్లీవ్ వాళ్ళకి కూడా, తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే అరగంటలోపే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనం. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ బాగా పడిపోయి చేతులు వణుకుతాయి. పెళ్ళి పందిట్లో కంటే తిరుగు ప్రయాణం బస్సులో ఇది వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంటి వంట చేసేవాళ్ళకి ఇంకో మాట. ఉప్పు చూడటానికి అర చెంచా, పిల్లల కంచంలో మిగిలిన రెండు ముద్దలు పారేయలేక మనమే తినేయడం. ఇవి ఏ డైరీలోనూ ఎక్కవు. నేను వంటింట్లో ఒక డబ్బా పెట్టుకున్నాను. పిల్లల ఎంగిలి దాంట్లో వేసి వీధి కుక్కకి పెడతాను. మొదటి వారం చేతులు రాలేదు. ఇప్పుడు ఆ కుక్క నన్ను చూస్తే తోకాడిస్తుంది.

ఆగాల్సిన చోటు

ఒకసారి ముక్క అడ్డం పడి నురగ వస్తే భయం లేదు, ఆ పూట తిండి ఆపి, సర్దుకున్నాక గుక్క గుక్కగా నీళ్ళు తాగండి. మర్నాడు మెత్తటి తిండికి వెనక్కి వెళ్ళండి. కానీ నీళ్ళు కూడా నిలవకపోతే ఇంట్లో కూర్చోవద్దు, ఆపరేషన్ చేసిన డాక్టరుకి అప్పుడే ఫోన్ చేయండి. వాంతులు రోజుల తరబడి సాగితే బి1 విటమిన్ తగ్గి నరాలకీ మెదడుకీ దెబ్బ తగులుతుంది. జ్వరం, కూర్చున్నా తగ్గని గుండె వేగం, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే ఫోన్ కూడా వద్దు, నేరుగా ఆసుపత్రికే.

ఈ వారం హోంవర్క్

రేపు మధ్యాహ్నం ఒక గుడ్డు పొరటు, రెండు చెంచాల బీరకాయ కూర గిన్నెలో పెట్టుకోండి. టీవీ ఆపి, ఫోన్లో ముప్ఫై నిమిషాలకి అలారం పెట్టి, ఫోను బోర్లించండి. చెంచా కింద, చెయ్యి మోకాలి మీద. అయ్యాక మూడు సంగతులు రాసుకోండి: ఎన్ని నిమిషాలు పట్టింది, ఎంత మిగిలింది, ఒళ్ళు ఏ సైగ చేసింది. చెయ్యి మోకాలి మీదినుంచి ఎన్నిసార్లు ముందే లేచిందో కూడా నిజాయితీగా రాయండి. నాకు మొదటిరోజు పదకొండుసార్లు లేచింది.

ఏడు రోజుల చీటీలు దాచిపెట్టుకోండి, 6వ పాఠంలో వాటితో పని ఉంది. అందులోనే మాత్రల డబ్బా కూడా తెరుద్దాం: ఐరన్, కాల్షియం మధ్య రెండు గంటల ఎడం ఎందుకు, బి12 ఎన్నాళ్ళు, మూడో నెలలో దువ్వెనకి వచ్చే జుట్టు చూసి ఎందుకు కంగారు పడకూడదో.