ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కొనే ముందు

ఇంజన్ పైనుంచి ఆయిల్ జారి, పొగ బయటికి పోయే వేడి గొట్టమైన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌పై పడి మాడువాసన వస్తోందంటే, షెడ్డుల్లో ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అని పిలిచే, ఇంజన్ పైమూత కింద ఆయిల్ కారకుండా ఆపే వాల్వ్ కవర్ గ్యాస్కెట్‌ను ముందుగా అనుమానించాలి. పాతదాన్ని విప్పి వేళ్ల మధ్య వంచినప్పుడు పుటుక్కున విరిగితే, వేడికి రబ్బరు గట్టిపడిందని అర్థం.

కొత్తదానికి మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు; ఒకే పేరున్న కారులో ఏడాదిని బట్టి ఇంజన్ మారుతుంది కనుక, ఛాసిస్ నంబరు చూపించి పార్ట్ నంబరు సరిచూసుకోవాలి. పాతకాలపు రేకు కవర్లకు కార్క్ ప్యాకింగ్ సరిపోతుంది గానీ, గాడి ఉన్న అల్యూమినియం, ప్లాస్టిక్ కవర్లకు ఆ గాడిలో కుదురుగా కూర్చునే అచ్చు రబ్బరే కావాలి. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని ఎక్కువకాలం ఓర్చుకోలేదు, సిలికాన్ దాదాపు 200 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. రెండూ దొరికితే నేను సిలికాన్‌కే మొగ్గుతాను. స్పార్క్ ప్లగ్ గుంతల్లో ఆయిల్ కనిపిస్తే వాటి సీళ్లు కూడా ఉన్న సెట్టే తీసుకోండి.

చుట్టూ గమ్ము పూయించకండి (మెకానిక్కులకు అదంటే మహా ప్రీతి). మాన్యువల్ చెప్పిన మూలల్లో చుక్క చాలు. బోల్టులను మధ్య నుంచి అంచులకు, నిర్దేశించిన టార్క్ (బిగింపు బలం) మేరకే బిగించాలి. ఇంజన్ లోపల చేరే వాయువులను బయటికి వదిలే పీసీవీ వాల్వ్ మూసుకుపోయి ఉంటే మాత్రం, లోపలి ఒత్తిడికి కొత్త ప్యాకింగ్ కూడా కారుతుంది.