పాన్ చూసి పోల్చుకోండి: పాత అమెరికన్ కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు

గేర్‌బాక్స్ ఆయిల్ ఫిల్టర్, పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే రేకు పళ్ళెం) గాస్కెట్ కొనేముందు గేర్‌బాక్స్ ఏదో తేల్చుకోవాలి. దానికి స్టీరింగ్ కింద గేరు చూపించే పీ-ఆర్-ఎన్-డీ-ఎల్ అక్షరాలు సాక్ష్యం కావు. జీఎం (జనరల్ మోటార్స్) వారి షెవర్లే కార్లలో వచ్చిన రెండు గేర్ల పవర్‌గ్లైడ్, పొట్టి తోక (వెనక కొస) ఉన్న మూడు గేర్ల టీహెచ్350 దాదాపు ఒకే పొడవు. అందుకే పవర్‌గ్లైడ్ తీసేసి టీహెచ్350 పెట్టిన కార్లు కోకొల్లలు, లీవరు మాత్రం పాతదే ఉండిపోతుంది. కారు పుట్టిన సంవత్సరాన్నీ పూర్తిగా నమ్మలేం. 1953 ఆగస్టులో మిషిగన్‌లోని లివోనియాలో జీఎం వారి హైడ్రా-మాటిక్ గేర్‌బాక్సుల ఫ్యాక్టరీ తగలబడ్డాక, కొంతకాలం అదే కంపెనీ కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లు బ్యూక్ వారి డైనాఫ్లో గేర్‌బాక్స్‌తో, పాంటియాక్‌లు పవర్‌గ్లైడ్‌తో ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చాయి.

కాబట్టి కిందికి దూరి చూడాల్సిందే. చదునైన నేల మీద చక్రాలకి అడ్డు పెట్టి, జాకీతో లేపి, స్టాండ్ల మీద దించండి. పార్క్‌లో ఉంది కదా అని ధీమా వద్దు, లీవరుని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీ ఊడి ఉంటే పార్క్ పట్టదు. పాన్ చుట్టూ మడ్డి తుడిచి బోల్టులు లెక్కపెట్టండి. బోల్టు ఊడిపోయి ఖాళీగా ఉన్న రంధ్రాన్నీ లెక్కలో వేయాలి. ఈ లెక్క కంపెనీని బట్టి చదవాలి. 14 అంటే జీఎంలో ఒకటి, ఫోర్డ్‌లో ఇంకొకటి, క్రైస్లర్‌లో మరొకటి.

జీఎం కారులో 14 బోల్టులుంటే ఎక్కువగా పవర్‌గ్లైడ్. 11 ఉండి పాన్ మీద ‘మెట్రిక్’ అని అచ్చు ఉంటే టీహెచ్200. 16 అయితే ఓవర్‌డ్రైవ్ ఉన్న 1980ల గేర్‌బాక్స్, అంటే 700ఆర్4 లేదా 200-4ఆర్. బెల్‌హౌసింగ్‌లో (ఇంజనుకి బిగించే గంటలాంటి ముందుభాగంలో) షెవర్లేకీ, బ్యూక్-ఓల్డ్స్-పాంటియాక్‌లకీ సరిపోయే రెండు వరసల రంధ్రాలూ ఉంటే అది 200-4ఆర్.

చిక్కంతా 13తోనే. టీహెచ్350కీ, టీహెచ్400కీ 13 బోల్టులే. 350 పాన్ చతురస్రంలా ఉండి, వెనక కుడి మూల (డ్రైవర్ సీట్లో కూర్చుంటే కుడి) కోసేసినట్టుంటుంది. 400 పాన్ వంకరటింకరగా టెక్సాస్ పటంలా ఉంటుంది, డాలస్, హ్యూస్టన్‌లలో ఉంటున్న మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆకారం చూశాక కూడా అనుమానం మిగిలితే గొట్టాలూ తీగలూ చూడండి. 350కి కిక్‌డౌన్ కేబుల్ (యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే గేరు తగ్గించే తీగ) కుడివైపు లోపలికి వెళ్తుంది, వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజను నుంచి గొట్టం వచ్చి తగిలే, గేరు మారే తీరుని సరిచేసే డబ్బా) కుడివైపునే బాగా వెనక, తోక దగ్గర ఉంటుంది. 400లో మాడ్యులేటర్ ముందుకి జరిగి ఉంటుంది, కిక్‌డౌన్ కేబుల్ ఉండదు, ఎడమవైపు కరెంటు తీగ తగిలించే కనెక్టర్ ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదీసి ఉంటే తోకలోపలి షాఫ్ట్ పళ్ళు లెక్కపెట్టినా చాలు: 350కి 27, 400కి 32.

ఫోర్డ్ పని తేలిక. 11 బోల్టులు సీ4, 14 ఏఓడీ, 15 ఎఫ్ఎంఎక్స్, 17 సీ6. లెక్క తప్పిందేమో అనిపిస్తే బెల్‌హౌసింగ్ చూడండి: సీ6లో అది కేసుతో (గేర్‌బాక్స్ పైతొడుగుతో) కలిసి ఒకే పోత, సీ4లో విడిగా బోల్టులతో బిగించినది. ఎఫ్ఎంఎక్స్‌ది పోత ఇనుము కేసు, దానికి ముందు అల్యూమినియం బెల్‌హౌసింగ్. అయస్కాంతం ఆనిస్తే క్షణంలో తేలిపోతుంది. సీ4కి గాస్కెట్‌తోపాటు పాన్ కూడా కొంటుంటే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) గొట్టం పాన్‌లోకి దిగుతోందో కేసులోకి దిగుతోందో చూసుకోండి. రెండు రకాలూ ఉన్నాయి, ఒకదాని పాన్ ఇంకోదానికి పనికిరాదు. 1967-73 మస్టాంగ్ డోర్ ప్లేటు మీద డబ్ల్యూ అంటే సీ4, యూ అంటే సీ6, ఎక్స్ అంటే ఎఫ్ఎంఎక్స్. కొత్తలో ఏది ఉండేదో చెప్పడానికే ఆ అక్షరం.

క్రైస్లర్‌లో పెద్ద టార్క్‌ఫ్లైట్ ఏ-727కీ, చిన్న ఏ-904కీ 14 బోల్టులే. పాన్ ఆకారాలు వేరైనా, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కొత్తవాళ్ళు తేల్చలేరు. ఎడమవైపు, పాన్ అంచుకి కాస్త పైన, కేసు మీద కొట్టిన నంబరు ఉంటుంది. దాన్ని వైర్ బ్రష్‌తో రుద్ది ఫొటో తీసి కొట్లో చూపించండి. షాఫ్ట్ పళ్ళు 727కి 30, 904కి 26. ఏఎంసీ (అమెరికన్ మోటార్స్) కార్లలో 1972 నుంచి ‘టార్క్-కమాండ్’ పేరుతో ఉన్నవి ఈ క్రైస్లర్ గేర్‌బాక్సులే. అంతకుముందు వాళ్ళు వాడినవి బోర్గ్-వార్నర్‌వి.

పొరపాటు పడితే గాస్కెట్ డబ్బులతో పోదు. 1960ల ఫోర్డ్‌లకి టైప్ ఎఫ్ ఆయిల్, జీఎం, క్రైస్లర్‌లకి డెక్స్రాన్ పోయాలి. రెండింటి రాపిడి గుణం వేరు కాబట్టి మారిస్తే గేరు పడే తీరూ మారిపోతుంది. 700ఆర్4, 200-4ఆర్‌లకి కార్బురేటర్ దగ్గర తగిలించే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ ఉంటుంది. దాన్ని కిక్‌డౌన్ కేబులే కదా అని వదులుగా వదిలేసి నడిపితే లోపల ఒత్తిడి చాలక క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. కేబుల్ సరిచేయకుండా కారు వీధి దాటించొద్దు.

మాడ్యులేటర్ ఉన్నవాటిలో ఆయిల్ కారకుండానే తగ్గిపోతూ, పొగగొట్టంలోంచి తెల్లటి పొగ వస్తుంటే వాక్యూమ్ గొట్టం పీకి చూడండి. లోపల ఎర్రగా తడి ఉంటే మాడ్యులేటర్ లోపలి పొర (డయాఫ్రం) చిరిగి గేర్‌బాక్స్ ఆయిల్‌ని ఇంజను పీల్చేస్తోందన్నమాట. గేర్‌బాక్స్ విప్పక్కర్లేదు, మాడ్యులేటర్ మారిస్తే సరిపోతుంది.

పాన్ దించి మళ్ళీ బిగించాక మొదట 3 లీటర్లు పోసి, ఇంజను స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కిపెట్టి లీవరుని అన్ని గేర్లలోకీ తిప్పి, డిప్‌స్టిక్ చూస్తూ కొంచెం కొంచెం కలపండి. బండి వేడెక్కాక ఇంజను నడుస్తుండగానే చివరి లెక్క చూడాలి. జీఎం, ఫోర్డ్‌లకి పార్క్‌లో చూస్తే చాలు. పాత టార్క్‌ఫ్లైట్‌కి మాత్రం హ్యాండ్‌బ్రేక్ లాగి న్యూట్రల్‌లో చూడాలి. పార్క్‌లో ఉన్నంతసేపూ దాని టార్క్ కన్వర్టర్‌కి (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగానికి) ఆయిల్ అందదు, అందుకే డిప్‌స్టిక్ తప్పు చూపిస్తుంది.