జాతి కుక్క గోకుడు ఎండ వల్లా, వంశం వల్లా? ఇంట్లోనే ఇలా గమనించండి

మా అనంతపురంలో ఎవరి లాబ్రడార్ గోక్కుంటున్నా ముందు వినిపించే మాట, "ఎండకు ఒళ్ళు పేలింది, తగ్గిపోతుందిలే". కొన్నిసార్లు నిజమే. డిసెంబరులో కూడా గోక్కుంటూనే ఉంటే మాత్రం ఎండను తిట్టుకుని లాభం లేదు.

ముందు పిడుదులు, పేలు లేవని చూసుకోండి, ఆ తర్వాత వయసు లెక్కేయండి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పగ్, జర్మన్ షెపర్డ్‌లలో వంశంగా వచ్చే అలర్జీ చాలా వరకు 6 నెలల నుంచి 3 ఏళ్ళ లోపే మొదలవుతుంది. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక చప్‌చప్‌మని పాదాలు నాకే చప్పుడు వస్తోందా? వేళ్ళ మధ్య వెంట్రుకలు విడదీసి చూడండి. లేత రంగు వెంట్రుక తుప్పు రంగుకు తిరిగి, ఎంత కడిగినా పోకపోతే అది మన ఎర్రమట్టి కాదు, ఎంగిలి మరక. చెవులు, చంకలు, పొట్ట కూడా తడిమి చూడండి.

దురద పెద్దగా లేకుండానే కుక్కపిల్లకు కళ్ళ చుట్టూ, మూతి మీద, ముందు కాళ్ళ మీద వెంట్రుకలు బిళ్ళలుగా ఊడితే డెమోడెక్స్ అనే సన్నటి పురుగు వల్ల వచ్చే గజ్జిని అనుమానించాలి. ఆ పురుగు పుట్టిన కొద్ది రోజుల్లోనే పాలు తాగేటప్పుడు తల్లి నుంచి వస్తుంది, మంచి కుక్కల ఒంటి మీదా ఉంటుంది. వంశంలో వచ్చేది దాన్ని అదుపులో పెట్టలేని బలహీనత. మనకు అంటదు, టెన్షన్ పడకండి. గోల్డెన్‌కు దురద లేకుండా తెల్లటి పొట్టు రాలుతుంటే అది ఇంకో జబ్బు, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే బయటపడుతుంది.

ఇక పశువుల ఆసుపత్రికి వెళ్ళి "స్క్రేపింగ్ చేయండి సార్" అని అడగండి. చర్మాన్ని వేళ్ళతో పిండి, సన్నగా రక్తం చెమర్చేదాకా బ్లేడుతో గీకి, ఆ గీకుడును నూనె చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తారు. చూడ్డానికి కష్టంగా ఉంటుంది గానీ నిమిషాల పని. కేసు చిక్కుగా ఉంటే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది.

ఒక్క పని మాత్రం చేయకండి. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ మిగిలిందని కుక్కకు పొడిచేయడం మన దగ్గర మామూలైపోయింది, కోలీ అనే గొర్రెల కాపరి జాతిలో చాలా కుక్కలకు జన్యు లోపం వల్ల ఆ మందు మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుంది.

అలర్జీ తిండి వల్లేమో తేల్చడానికి డాక్టరు తిండి మార్చి చూడమంటే కనీసం 8 వారాలు ఆయన చెప్పిందే పెట్టాలి. అవ్వ చాటుగా పెట్టే పెరుగన్నం ముద్ద కూడా లెక్కలోకి వస్తుంది, ముందే ఆమెకు చెప్పేయండి.

ఒళ్ళంతా డెమోడెక్స్ గజ్జి వచ్చిన కుక్కపిల్ల నయమైనా సరే, క్రాసింగ్‌కు ఇవ్వకండి. కొత్త కుక్కపిల్ల కోసం బెంగళూరు వెళ్తే కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితాలు చూసి మురిసిపోవద్దు, వాటిలో ఉండేది వంశం, చర్మం కాదు. తల్లిని చూపించమని అడిగి, దాని పాదం ఎత్తి వేళ్ళ మధ్య చూడండి. చూపించడానికి నసిగితే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.